కాఫిలాలో వెనకబడ్డ సితారలు

అల్దబరాన్, రిజెల్, ఫొమల్‌హౌత్, దెనెబ్. ఈ సితారల పేర్లు అరబీలోంచి వచ్చాయని మన ఇళ్ళల్లో పిల్లలకు ఫఖ్రుగా చెబుతుంటాం. చెప్పాల్సిందే. కానీ చాలా ఇళ్ళల్లో ఈ దాస్తాను పేర్లతో మొదలై పేర్లతోనే ఖతం అవుతుంది. ఆ తర్వాత వినబడేవి రెండే మాటలు. "ఇల్మంతా మనోళ్ళే కనిపెట్టారు, ఇప్పటోళ్ళు కాపీ కొడుతున్నారు" అనేది ఒకటి. "మనోళ్ళ జమానా ఎప్పుడో అయిపోయింది, మనకెందుకా చదువులు" అనేది రెండోది.

మొన్న మా ఖాందానులో ఈ రెండు మాటలూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర విన్నాను. మా చెల్లెలి కూతురు డిగ్రీ అయిపోయాక ఎమ్మెస్సీలో ఖగోళశాస్త్రం చదువుతానంది. "నౌకరీ ఏది?" అని ఒకరు, "అదంతా మన కితాబుల్లో ముందే ఉంది, కొత్తగా చదివేదేముంది?" అని ఇంకొకరు. ఆ పిల్ల నా వైపు తిరిగి, "మామూ, తారీఖు రాసేది మీరే కదా, మీరు చెప్పండి" అంది. నౌకరీ సంగతి నా చేతిలో లేదు. తారీఖు సంగతి మాత్రం చెప్పగలను. అందుకోసం ఆస్మానులోంచి ఒక్క చీజు తీసుకుంటాను. పెద్ద దూర్బీనులో చూస్తే ఉప్పు కుప్ప పోసినట్టు కనిపించే సితారల ఝుర్ముట్లు. తెలుగు సైన్సు కితాబుల్లో వీటిని గోళాకార తారాగుచ్ఛాలు అంటారు.

మన పాలపుంత చుట్టూ ఇలాంటి ఝుర్ముట్లు సుమారు 150 ఉన్నట్టు లెక్క. ఒక్కోదాంట్లో వేల నుంచి లక్షల దాకా సితారలు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దదైన ఒమెగా సెంటారీలో దాదాపు కోటి ఉంటాయని అంచనా. వీటి వయసు సుమారు 1,200 కోట్ల సంవత్సరాలు. కాయనాతు వయసే 1,380 కోట్ల సంవత్సరాలైనప్పుడు, ఇవి ఎంతటి బుజుర్గులో అర్థమవుతుంది.

ఈ ఒమెగా సెంటారీని మొదట ఫెహ్రిస్తులో ఎక్కించింది బతలీమూస్, అంటే టాలెమీ. రెండో శతాబ్దంలో, ఇస్కందరియాలో. ఆయన దాన్ని ఒక మామూలు సితారగానే రాసుకున్నాడు. వట్టి కంటికి అలాగే కనబడుతుంది మరి. ఆ కితాబు అరబీలోకి తర్జుమా అయ్యింది. పదో శతాబ్దంలో రయ్ నగరంలో పుట్టిన అబ్దుర్రహ్మాన్ అల్-సూఫీ దాన్ని ముందేసుకుని కూర్చున్నారు. బువైహీ పాలకుడు అదుదుద్దౌలా కొలువులో ఉంటూ 964 ప్రాంతంలో "సువరుల్ కవాకిబ్" రాశారు. స్థిర సితారల బొమ్మల కితాబు అది.

అల్-సూఫీ చేసిందేమిటో ఖచ్చితంగా తెలుసుకోవడం మనకు జరూరీ. సితారల స్థానాలను ఆయన మళ్ళీ కొలవలేదు. బతలీమూస్ ఇచ్చిన అంకెలకు ఒకే మొత్తం, 12 డిగ్రీల 42 నిమిషాలు, కలిపి తన కాలానికి తెచ్చుకున్నారు. వెలుగు దగ్గర మాత్రం పాత ఉస్తాదు మాటను గుడ్డిగా ఒప్పుకోలేదు. ఒక్కో సితారను తన కళ్ళతో చూసి, ఇది ఆయన రాసిన దానికన్నా మసక, ఇది ఇంకా రోషన్ అని తిరగరాశారు. ఆండ్రోమెడా వైపు కనబడే ఒక మరకను చిన్న మబ్బు తునకలా ఉందని నమోదు చేశారు. అది మన పాలపుంత అవతలి మరో గెలాక్సీ అని మనిషికి తెలియడానికి ఇంకో వెయ్యేళ్ళు పట్టింది. అల్-సూఫీకీ తెలియదు. తెలిసినట్టు ఆయన రాసుకోలేదు కూడా. కనిపించింది కనిపించినట్టు రాశారు. నా నజర్లో ఆయన గొప్పదనం ఈ ఈమాన్‌దారీలో ఉంది. దాన్ని వదిలేసి "గెలాక్సీని కనిపెట్టింది మనోళ్ళే" అని వాట్సాప్‌లో పంపుకుంటే ఆయనకు ఇజ్జతు పెరగదు.

సమర్‌ఖందు సుల్తాను ఉలుగ్ బేగ్ సంగతీ అంతే. 1437లో పూర్తయిన ఆయన జీజ్‌లో 1,018 సితారలున్నాయి. వాటిలో చాలావాటిని ఆయన రసద్‌గాహ్‌లో కొత్తగా కొలిచారు. సమర్‌ఖందు నుంచి కనబడనంత దక్షిణాన ఉన్న 27 సితారలను మాత్రం అల్-సూఫీ నుంచి తీసుకున్నామని జీజ్‌లోనే చెప్పారు. సుల్తాను అయ్యుండి కూడా అరువు సొమ్మును తన ఖాతాలో వేసుకోలేదు.

ఆ తర్వాత దూర్బీను వచ్చింది. 1677లో ఎడ్మండ్ హేలీ అనే ఇంగ్లీషు నౌజవాను సెయింట్ హెలీనా దీవి నుంచి చూసి, బతలీమూస్ సితార అన్నది ఒంటి సితార కాదని గుర్తించాడు. 1714లో అతనే ఉత్తరాన హెర్క్యులిస్ మండలంలో ఇంకో మసక మచ్చ చూశాడు. ఈరోజు దాని పేరు ఎం13. 1830లలో జాన్ హెర్షెల్ దక్షిణాఫ్రికా కేప్ నుంచి ఒమెగా సెంటారీని పరీక్షించాడు. ఆయన పెద్ద దూర్బీనులో ఆ మచ్చ లెక్కలేనన్ని సితారల గుంపుగా విడిపోయింది.

ఝుర్ముట్లు ఎంత దూరంలో ఉన్నాయి? ఈ సవాలుకు జవాబు హార్వర్డ్ రసద్‌గాహ్‌లో దొరికింది. హార్వర్డ్ వాళ్ళ పెరూ శాఖలో తీసిన ఫోటో పలకల మీద సోలన్ బెయిలీ ఈ ఝుర్ముట్లలో వెలుగు హెచ్చుతగ్గులయ్యే సితారలను వందల సంఖ్యలో గుర్తించాడు. అదే హార్వర్డ్‌లో పలకలు చూసి లెక్కలు రాసే కొలువు చేసిన హెన్రియెట్టా లీవిట్ అనే ఆమె, 1912లో ఒక సూత్రం బయటపెట్టింది. ఒక జాతి సితారలు ఎంత నిదానంగా వెలిగి ఆరుతుంటే అసలు రోష్నీ అంత ఎక్కువ. అసలు రోష్నీ తెలిస్తే, ఇక్కడికి చేరే వెలుగును బట్టి దూరం హిసాబు కట్టొచ్చు. ఈ దారినే పట్టుకుని హార్లో షాప్లీ 1918 నాటికి ఝుర్ముట్ల నక్షా గీశాడు. అవన్నీ ధనుస్సు రాశి వైపు ఒక బిందువు చుట్టూ పరుచుకుని ఉన్నాయి. ఆ బిందువే పాలపుంత మర్కజు అనీ, మన సూర్యుడు అక్కడ లేడనీ తేలింది. షాప్లీ వేసిన దూరం అసలుకి దాదాపు రెట్టింపు. ఈరోజు లెక్కలో మర్కజుకీ మనకీ మధ్య సుమారు 26,000 కాంతి సంవత్సరాలు. అంకె తప్పినా దిక్కు తప్పలేదు.

ఇక అసలు హైరతు 1953లో వచ్చింది.

సితారల జిందగీలో ఒక కాయదా ఉంది. బరువైన సితార నీలంగా, వేడిగా మండుతుంది. ఇంధనాన్ని జల్దీగా తగలేసి వెళ్ళిపోతుంది. తేలికది పొదుపుగా, పచ్చగా, ఎర్రగా చాలాకాలం బతుకుతుంది. ఝుర్ముట్‌లో సితారలు దాదాపు ఒకే కాలంలో పుట్టినవి. 1,200 కోట్ల ఏళ్ళ తర్వాత సూర్యుడి బరువులో 80 శాతం కన్నా ఎక్కువున్న సితార ఏదీ అక్కడ మామూలు జవానీలో మిగలకూడదు. అన్నీ ఉబ్బి ఎర్రబడి ఉండాలి, లేదా ఆరిపోయి ఉండాలి. ఆలన్ శాండేజ్ అనే నౌజవాను ఎం3 అనే ఝుర్ముట్‌లో సితారల రంగూ వెలుగూ ఒక్కొక్కటిగా కొలిచి గ్రాఫు గీశాడు. చాలావరకు కాయదా ప్రకారమే ఉన్నాయి. కొన్ని మాత్రం, ఎప్పుడో వెళ్ళిపోవాల్సినవి, నీలంగా, నిగనిగలాడుతూ అక్కడే ఉన్నాయి. ఇంగ్లీషులో వీటికి బ్లూ స్ట్రాగ్లర్లు అని పేరుపడింది. కాఫిలా ముందుకు సాగిపోతే వెనకబడ్డవాడిని స్ట్రాగ్లర్ అంటారు. బుఢాపా కాఫిలాతో నడవకుండా వెనకబడ్డ నీలి సితారలన్నమాట.

ఇవి కొత్తగా పుట్టాయా? కొత్త సితార పుట్టాలంటే గ్యాసు మబ్బులు కావాలి. ఈ ఝుర్ముట్లలో ఆ మాల్ ఎప్పుడో ఖర్చయిపోయింది. 1964లో విలియం మెక్రీ ఒక జవాబు చెప్పాడు. జంట సితారల్లో ఒకటి బుఢాపాలో ఉబ్బినప్పుడు దాని పై పొరలు రెండోదాని మీదికి జారతాయి. రెండోది బరువెక్కి, మళ్ళీ వేడెక్కి, నీలంగా మండుతుంది. 1976లో జాక్ హిల్స్, కరోల్ డే ఇంకో దారి చూపారు. ఝుర్ముట్ మధ్యలో రద్దీ ఎంతంటే, రెండు సితారలు ఢీకొని ఒక్కటైపోవచ్చు. ఏ దారైనా అసలు సంగతి ఒకటే. ఈ జవానీ అరువుది, పక్క సితార దగ్గర తీసుకున్నది. సబూతు కావాలంటే బరువు తూచాలి. 1997లో హబుల్ దూర్బీనుతో 47 టుకానే ఝుర్ముట్‌లోని ఒక నీలి సితారను తూచారు. సూర్యుడికి సుమారు 1.7 రెట్లు వచ్చింది. అంటే అక్కడి మామూలు సితారలు రెండు కలిసినంత బరువు.

రద్దీ అన్నాను కదా, దాని వెనక కూడా పెద్ద హిసాబు ఉంది. ఆ హిసాబులో ముఖ్యమైన ముక్కను లాహోర్‌లో పుట్టిన తమిళుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1943లో రాశారు. గుంపులో పరిగెత్తే బరువైన సితార చుట్టుపక్కల తేలికైనవాటిని తనవైపు లాగుతూ పోతుంది. అవి దాని వెనక గుమిగూడి, తమ ఆకర్షణతో దాని రఫ్తారు తగ్గిస్తాయి. మెల్లగా అది మర్కజు వైపు దిగిపోతుంది. తేలికవి ఆ శక్తిని పుచ్చుకుని అంచులకు ఎగిరిపోతాయి. జల్లెడలో బియ్యం ఆడిస్తే మెరికలు ఒకవైపు, నూకలు ఒకవైపు చేరినట్టు కోట్ల ఏళ్ళలో ఝుర్ముట్ తనను తానే వేరు చేసుకుంటుంది. మామూలు సితారలకన్నా బరువు కాబట్టి నీలి సితారలూ లోపలికే దిగుతాయి. 2012లో ఫ్రాంచెస్కో ఫెర్రారో అనే ఇటలీ ఉస్తాదు తన సాథీలతో కలిసి 21 ఝుర్ముట్లలో నీలి సితారలు మర్కజుకు ఎంత దగ్గర చేరాయో పోల్చి చూశారు. దాన్నిబట్టి ఆ ఝుర్ముట్ అంతర్గత జిందగీలో ఎంత దూరం నడిచిందో చెప్పొచ్చని తేలింది. గడియారంలో ముల్లులా అవి పనికొచ్చాయి.

మర్కజులో ఇంకో అజీబ్ సంగతి. మామూలు వస్తువు వేడి పోగొట్టుకుంటే చల్లబడుతుంది. ఝుర్ముట్ మధ్యభాగం శక్తి పోగొట్టుకుంటే కుంచించుకుపోతుంది, లోపలి సితారలు ఇంకా వేగంగా తిరుగుతాయి, అంటే ఇంకా వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ ఇంకా పోగొట్టుకుంటుంది. 1960లలో లెనిన్‌గ్రాడ్‌లో వాదిమ్ ఆంటొనోవ్, తర్వాత ఇంగ్లండులో డొనాల్డ్ లిండెన్-బెల్ ఈ పతనం హిసాబు చెప్పారు. మరి పూర్తిగా ఎందుకు కుప్పకూలదు? ఫ్రాన్సులో మిషెల్ ఎనోన్ 1961లోనే జవాబు సూచించాడు. మధ్యలో జంట సితారలుంటాయి. దారిన పోయే మూడో సితారకు అవి తమ శక్తి కొంత ఇచ్చి తోసేస్తాయి, తాము ఇంకా దగ్గరవుతాయి. ఆ తోపులాటే మర్కజును నిలబెడుతుంది.

ఇదంతా కాగితం మీద హిసాబేనా? కాదు, సబూతు మన దేశంలోనే దొరికింది. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న పెద్ద రేడియో దూర్బీనుతో 2004లో ఎన్‌జీసీ 1851 అనే ఝుర్ముట్‌లో ఒక పల్సార్ పట్టుకున్నారు. చచ్చిపోయిన సితార తాలూకు ఆ గుండు సెకనుకు సుమారు 200 సార్లు గిర్రున తిరుగుతోంది. అంత రఫ్తారు రావాలంటే ఎప్పుడో ఒక జంట సితార నుంచి మాల్ మీద పడి దాన్ని తిప్పి ఉండాలి. అలా తిరిగినవాటి కక్ష్య మామూలుగా గుండ్రంగా ఉంటుంది. దీనిది బాగా సాగదీసిన కక్ష్య. అంటే రద్దీలో ఎవరో దూరి, పాత జోడీని తన్నేసి, తాము ఆ జాగాలో కూర్చున్నారని అర్థం.

ఇప్పుడు మన హైదరాబాదుకు వద్దాం.

1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూర్బీను తెప్పించి ఫిసల్‌బండలో రసద్‌గాహ్ పెట్టారు. 1908లో అది నిజాం సర్కారు చేతికి వచ్చి, తర్వాత బేగంపేటకు మారింది. పేరు నిజామియా. అప్పటికి దునియా అంతా కలిసి ఒక పని చేస్తోంది. 1887లో పారిస్‌లో జరిగిన మజ్లిసులో ఆస్మానును పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని ఒక్కో రసద్‌గాహ్‌కు పంచారు. ఫోటోలు తీసి, ప్రతి సితార స్థానం కొలిచి రాయాలి. పారిస్, గ్రీనిచ్, వాటికన్, ఆక్స్‌ఫర్డ్ పేర్ల పక్కన హైదరాబాదు పేరు కూడా ఉంది. మన వంతుకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా చేరింది. హేలీ చూసిన ఎం13 సరిగ్గా ఈ ఉత్తరపు పట్టీలోనే పడుతుంది.

ఈ పని ఎలా ఉంటుందో ఆలోచించండి. గాజు పలక మీద సన్నని గళ్ళు. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి, ఈ చుక్క అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత అని రాసుకోవడం. మళ్ళీ ఇంకో చుక్క. ఇలా కొన్ని దశాబ్దాల్లో ఏడు లక్షలకు పైగా సితారలు. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్, అక్బర్ అలీ వంటి డైరెక్టర్ల పేర్లు తారీఖులో మిగిలాయి. చుక్కలు కొలిచిన గుమాస్తాల పేర్లు చాలామందివి మనం ఎక్కడా వినం. ఏ ఖోజూ వాళ్ళ ఖాతాలో పడలేదు.

కానీ ఆ మెహనతు బర్బాదు కాలేదు. సితార ఎటు కదులుతోందో తెలియాలంటే రెండు వేర్వేరు కాలాల్లో దాని స్థానం తెలియాలి. మధ్య గడువు ఎంత ఎక్కువుంటే కదలిక అంత బాగా తెలుస్తుంది. 2000లో యూరప్ వాళ్ళు టైకో-2 అనే ఫెహ్రిస్తు తయారుచేశారు. 25 లక్షల సితారల కదలికలున్న ఆ ఫెహ్రిస్తుకు పాత తారీఖు స్థానాలను ఈ పాత పలకల కొలతలే ఇచ్చాయి. ఉపగ్రహం ఎంత గొప్పదైనా 1915లోకి వెనక్కి వెళ్ళి ఫోటో తీయలేదు కదా. ఆ పని మనోళ్ళు ముందే చేసిపెట్టారు.

నిజామియాలో కొలువు చేసిన ఒకాయన కొడుకు వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు సర్కారు వజీఫాతో 1949లో హార్వర్డ్ వెళ్ళాడు. ఝుర్ముట్ల నక్షా గీసిన షాప్లీ అప్పుడు అక్కడి రసద్‌గాహ్‌కు డైరెక్టరు. తిరిగొచ్చి బెంగళూరులో భారతీయ ఖగోళభౌతిక సంస్థను నిలబెట్టాడు. ఆ సంస్థ ముందుండి తయారుచేయించిన అతినీలలోహిత దూర్బీను 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్‌తో పైకి ఎగిరింది. నీలి సితారలు అతినీలలోహితంలో బాగా మెరుస్తాయి. 2019లో ఆ సంస్థ పరిశోధకులు దాంతోనే ఎన్‌జీసీ 5466 ఝుర్ముట్ అంచున ఒక నీలి సితార పక్కన నక్కి ఉన్న మృత సితారను, శ్వేత కుబ్జాన్ని పట్టుకున్నారు. మెక్రీ చెప్పిన మాట గుర్తుందా? తన మాల్ ఇచ్చేసి కృశించిన ఆ పాత సాథీ ఇదే.

ఇప్పుడు ఆ దస్తర్‌ఖాన్ దగ్గరి రెండు మాటలకు జవాబు చెప్పొచ్చు. "అంతా మన కితాబుల్లో ఉంది" అన్నవారికి: లేదు. అల్-సూఫీ కితాబులో నీలి సితారలు లేవు, పల్సార్లు లేవు. పాత ఉస్తాదు రాసిందాన్ని కూడా కళ్ళతో చూసి పరఖాయించే తరీఖా మాత్రం ఉంది. "మన జమానా అయిపోయింది" అన్నవారికి: అల్-సూఫీకి వెయ్యేళ్ళ తర్వాత కూడా ఫిసల్‌బండలో, బేగంపేటలో పని నడిచింది. అక్బర్ అలీ డైరెక్టరుగా పూనుకున్న 48 అంగుళాల దూర్బీను 1968లో రంగాపూర్‌లో పని మొదలుపెట్టింది. పైగా ఇది ఒక్క ఖౌము దాస్తానూ కాదు. యునానీ, ఇరానీ, సమర్‌ఖందీ, ఇంగ్లీషు, అమెరికను, తమిళుడు, మలయాళీ, మన హైదరాబాదీ ఒకరి ఫెహ్రిస్తు చివర ఇంకొకరు వరుస కలుపుతూ వచ్చారు.

ఆ వరుసలో ఇంకా ఖాళీ ఉంది. ఒమెగా సెంటారీ ఒకప్పటి చిన్న గెలాక్సీ తాలూకు గుండెకాయ అని చాలామంది అంచనా. దాని మధ్యలో ఏడు సితారలు ఉండాల్సిన దానికన్నా వేగంగా పరిగెత్తుతున్నాయని 2024లో తేలింది. వాటిని పట్టి ఉంచుతున్నది సూర్యుడికి కనీసం 8,200 రెట్లు బరువున్న కృష్ణబిలం కావచ్చని ఖోజీలు అంటున్నారు. ఈ ఫైసలా ఇంకా పూర్తి కాలేదు. ఎమ్మెస్సీలో చేరబోయే పిల్లలకు ఇంతకన్నా మంచి దావత్ ఏముంటుంది?

తక్కినవాళ్ళం కనీసం చూద్దాం. మే నెల మధ్యలో, రాత్రి 10 గంటల ప్రాంతంలో, ఊరి దీపాలకు దూరంగా ఏదైనా మేడ మీదికి పిల్లలను తీసుకెళ్ళండి. దక్షిణం వైపు తిరిగి, ఎత్తుగా మెరిసే చిత్త నక్షత్రాన్ని పట్టుకోండి. అరబ్బులు దీన్ని అస్సిమాకుల్ అఅజల్, నిరాయుధ సిమాక్ అన్నారు. అక్కడి నుంచి నిటారుగా కిందికి రండి. చెయ్యి చాచి పిడికిలి పడితే, నేల అంచు నుంచి రెండున్నర పిడికిళ్ళ ఎత్తులో మసగ్గా ఒక చుక్క కనబడుతుంది. చిన్న బైనాక్యులరు ఉంటే అది ఉన్ని ముద్దలా పరుచుకుంటుంది. 17,000 ఏళ్ళ క్రితం అక్కడ బయలుదేరిన రోష్నీ అది. ముందు పిల్లలకు ఏమీ చెప్పకండి. ఏం కనబడిందో వాళ్ళనే ఒక కాగితం మీద రాయమనండి, తారీఖు వేసి.